కడిగిన కప్పులు

మా ప్రాజెక్టులో ఏ పనైనా బేరంతోనే మొదలవుతుంది. ఎన్ని రోజులు పడుతుందని మేనేజరమ్మ అడుగుతుంది. మేం పది అంటాం. ఆవిడ ఐదు రాసుకుంటుంది. మాకు నిజంగా కావలసిందీ ఐదే కాబట్టి, పైకి ముఖాలు వేలాడేసి లోలోపల సంబరపడతాం. చాటుగా ఆవిడకు సగం మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ కోస్తుందని మాకు తెలుసు, మేం పెంచి చెబుతామని ఆవిడకు తెలుసు. ఆ మాట ఎవరూ నోరు విప్పి అనలేదంతే.

కొత్తగా చేరిన అమ్మాయికి ఈ బేరం సంగతి తెలియదు. ఆరు రోజులు అంది. ఆమె లెక్కలో ఆరంటే ఆరే. సగం మేడమ్ అలవాటు కొద్దీ మూడు రాసేసింది. ఆ తర్వాత ప్రతి పనికీ ఇదే వరస.

నేను టెస్టర్ని. మిగతావాళ్ళు రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అత్తగారినయ్యేందుకు శిక్షణ ఆఫీసులోనే అయిపోతోందని మావారు ఎగతాళి చేస్తుంటారు. మొదట్లో ఆ అమ్మాయి పనిలో వెతికినా తప్పు దొరికేది కాదు. రానురాను కుప్పలుగా దొరకసాగాయి. పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఈ పిల్ల పరుగెత్తి ఆ పాలన్నీ ఒలకబోస్తోంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసు వంటగదిలో మా కప్పులు తళతళలాడటం మొదలైంది. నా కప్పు అడుగున పువ్వు బొమ్మ ఉందని అప్పుడే తెలిసింది. ముచ్చటపడ్డానే గానీ కడుగుతున్నదెవరో ఆరా తీయలేదు.

ఆమె ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో తేల్చాల్సిన రోజు వచ్చింది. పని నాణ్యత పడిపోయింది కాబట్టి వద్దనే రాస్తున్నానని మేనేజరమ్మ నాతో చెప్పింది. నేను పట్టిన తప్పులన్నీ సాయంత్రంలోగా పంపమంది. పంపితే ఆ పిల్ల ఇంటికి పోవాల్సిందే.

ముందు టీ తాగుదామని వెళ్తే ఆమె సింకు దగ్గర ఉంది. శుభ్రంగా ఉన్న కప్పుల్నే మళ్ళీ కడుగుతోంది. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. ఇదేం పనమ్మా అంటే, కోడ్ ముందు కూర్చుంటే ఏదీ తెమలట్లేదనీ, ఈ పనైతే మొదలుపెడితే పూర్తవుతోందనీ చెప్పింది. ఆ గడువు చాలదని చెప్పొచ్చుగా అన్నాను.

"అందరికీ సగమే ఇస్తున్నారు కదక్కా. మీరంతా నవ్వుతూ చేసేస్తున్నారు. నాకే చేతకావట్లేదేమో అనుకున్నా."

నా ప్రాణం ఉసూరుమంది. మేం నవ్వుతున్నది పని తేలికై కాదు, బేరం గెలిచి.

కప్పు అక్కడే పెట్టి మేనేజరమ్మ గదికి వెళ్ళి, మా పదికి అర్థం ఐదనీ, ఆ పిల్ల ఆరుకు అర్థం ఆరేననీ చెప్పేశాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"నేనడిగిన దాంట్లో పైవాళ్ళు సగం కోస్తారు. నేను మీది కోస్తాను. ఉన్నమాట చెప్పేవాళ్ళు కూడా ఉంటారని మర్చిపోయాను," అంది.

ఉద్యోగం ఖాయం చేయమని నా ఎదుటే రాసి పంపింది.

మరుసటి వారం మళ్ళీ బేరానికి కూర్చున్నాం. ఈలోగా ఆ అమ్మాయికి మావాళ్ళు కిటుకు నేర్పినట్టున్నారు, తల వంచుకుని పన్నెండు అంది. మేనేజరమ్మ కలం ఆగింది.

"నిజంగా ఎన్ని?"

"ఆరు."

ఆరే రాసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఎనిమిది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి నాలుగు అన్నాను. ఉన్నమాట చెప్పడానికి అంత భయమేస్తుందని నాకు తెలియదు. ఆవిడ కలం వైపే చూస్తూ కూర్చున్నాను. నాలుగే రాసింది.

ఆ సాయంత్రం సింకు నిండా ఎంగిలి కప్పులే. నా కప్పులో పువ్వు మళ్ళీ టీ మరక కిందకు పోయింది. కొళాయి తిప్పి నా కప్పు కడుక్కున్నాను. పక్కనే ఆ అమ్మాయిది ఉంటే, అదీ కడిగి పెట్టాను.