సున్నం పడని రాయి

పొద్దున ఐదు మైళ్ల పరుగులోనే బొజ్జయ్య బూట్లు నెత్తురుతో తడిశాయి. పోడు చేలల్లో చెప్పుల్లేకుండా పెరిగిన పాదాలవి. వేళ్లు విచ్చుకుని వెడల్పుగా ఉంటాయి. సర్కారు బూటులో ఇమడవు. అయినా మధ్యాహ్నం దాకా కవాతు ఆగలేదు. 1971 డిసెంబరు. యుద్ధం మొదలై వారమైంది. కొత్త సిపాయిలను తొందరగా తయారుచేయాలని భద్రాచలం అడవి అంచున ఈ శిక్షణ క్యాంపు వేశారు. అందరి సెలవులూ రద్దు చేశారు.

భోజనాల వేళ చెల్లెలు నాగక్క వచ్చింది. చర్ల అవతలి కోయగూడెం నుంచి రెండు రోజులు నడిచి వచ్చింది. లోపలికి రానివ్వలేదు. ముళ్లకంచె అవతలే నిలబడింది.

"అమ్మ పోయి పన్నెండు దినాలాయె అన్నా."

బొజ్జయ్య చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది.

"జరమొచ్చింది. దవాఖానాకు మోస్కపోతుంటే వాగు కాడ్నే పాణం పోయింది."

"నేను పంపిన పైసలు?"

"అందినయ్. కంబళి కొన్నది. దాంట్లనే సుట్టి మోసినం." నాగక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్ని చేసినం గని, రాయి నిలబెట్టుడు నీదే. కొడుకు రాయి పెట్టకుంటే అమ్మ ఊరి బయట్నే తిరుగుతదని పెద్దలంటుండ్రు. నిన్ను తోల్కపోను వచ్చిన."

"తిన్నవా?"

"రాయి పెట్టినంక తింట."

బొజ్జయ్య హవల్దారు మంగీలాల్ దగ్గరికి పరుగెత్తాడు. మంగీలాల్‌ది చండ్రుగొండ దగ్గరి తండా. అతను అంతా విన్నాడు.

"మా యాడి, మా అమ్మ, పోయినప్పుడు నేను గూడ పోలేదు బొజ్జా. బతికుండంగ చూడని తల్లిని పోయినంక చూసుడేందని అన్నడు అప్పటి సాబు." జెండా కర్ర వైపు చూపించాడు. "నాలుగింటికి కమాండెంటు సాబు వస్తుండు. జెండా చుట్టూ కొత్త రాళ్లు పాతి సున్నం ఎయ్యాలె. ఒక్క తప్పు లేకుంటే సాబు ఖుషీగ ఉంటడు. ఐదు దినాల లీవు కాగితం రాసి జేబుల పెట్టుకుంట. సంతకం చేపిస్త. జల్దీ కానీ."

కాంట్రాక్టరు లారీ అడవిలోంచి తెచ్చి పోసిన రాళ్ల కుప్ప దగ్గర బొజ్జయ్య, వేంసూరు రైతు కొడుకు వెంకటరామారావు పనికి దిగారు. బొజ్జయ్యకు పాదాల బాధ తెలియలేదు. చెల్లెలు కూర్చున్న కంచె వైపు చూస్తూ సున్నం కొట్టాడు.

"తుపాకీ ఇస్తారని వస్తే బ్రష్షు ఇచ్చారేంటి బొజ్జయ్యా! శత్రువు వచ్చినా ఈ తెలుపు చూసి పెళ్లిల్లనుకుని బూట్లు విప్పి వస్తాడు," అన్నాడు వెంకటరామారావు, నేస్తాన్ని నవ్వించాలని. బొజ్జయ్య బ్రష్షును మళ్లీ సున్నంలో ముంచాడు.

మూడున్నరకు ఒక్క రాయి మిగిలింది. మోకాలెత్తు, పలకగా ఉంది. దాన్ని ఎత్తబోయి బొజ్జయ్య ఆగిపోయాడు. కింద జానెడు మేర ఎర్రమట్టి పట్టి ఉంది. ఎన్నో ఏళ్లు భూమిలో నిలబడ్డ రాయి. పైన మెడలా అరిగిన చోట తాడు ముక్క, దాని ముడిలో నాలుగు ఎద్దుతోక వెంట్రుకలు.

చచ్చిపోయిన మనిషికి రాయి నిలబెట్టి, కోసిన ఎద్దు తోకను దానికి కట్టడం కోయల ఆచారం.

"ఏందిరా, నిలబడ్డవ్?" మంగీలాల్ వచ్చాడు.

"ఇది ఎవరో ఉస్తాద్."

"ఏంది?"

"రాయి కాదు. ఎవరో. ఎవళ్లమ్మనో."

మంగీలాల్ వంగి తాడును చూశాడు. అతనికి అర్థమైంది. అయినా గడియారం చూసుకున్నాడు.

"గుడిసెల పక్కపొంటి పీక్కొచ్చిండ్రు కావచ్చు కాంట్రాక్టరు మనుషులు. ఇప్పుడేం చేస్తవ్? సున్నమెయ్. నీ చెల్లె ఆడ ఎండల ఉన్నది. ఇది ఎవళ్లదో. నీ తల్లిది నీ తల్లిది."

"నువ్వు కళ్లు మూసుకో, నేను వేస్తా," అని వెంకటరామారావు బ్రష్షు అందుకోబోయాడు.

బొజ్జయ్య అతని చేయి పట్టుకున్నాడు. కంచె అవతల నాగక్క లేచి నిలబడి ఇటే చూస్తోంది. ఆమె రెండు రోజుల నడక, వాగు దగ్గర ఆగిన అమ్మ ఊపిరి, ఆ కంబళి గుర్తొచ్చాయి. సున్నం బకెట్ వైపు చూశాడు. ఒక్క పూత చాలు.

"నేను వెయ్య ఉస్తాద్," అన్నాడు.

ఇంతవరకు ఆ క్యాంపులో అతను ఏ పనికీ కాదనలేదు. మోకాళ్ల మీద కూర్చుని, వరుసలో మిగిలిన ఖాళీలో గుంట తవ్వి, మట్టి పట్టిన కొస కిందికి వచ్చేలా రాయిని నిలబెట్టాడు. చుట్టూ మట్టి అదిమాడు. అలా అదుముతూనే ఏడ్చాడు.

గేటు దగ్గర జీపు హారన్ మోగింది. తెల్లటి రాళ్ల వరుసలో ఒక్కటి నల్లగా నిలబడి ఉంది. మంగీలాల్ చేయి లీవు కాగితం ఉన్న చొక్కా జేబు మీద ఉంది.