గొలుసు విత్తిన సగం

తోడల్లుడు హైడ్రాలిక్ ప్లాంటర్ కొన్నప్పటి నుంచి పెద్దల్లుడికి అన్నం సయించడం లేదు. పన్నెండేళ్లుగా మామగారి పొలంలో మొక్కజొన్న విత్తుతున్నది తనే, తన గొలుసు ప్లాంటర్‌తోనే. చక్రం నేల మీద తిరిగితే గొలుసు తిరుగుతుంది, గొలుసు తిరిగితే గింజ పడుతుంది. అందులో దాపరికమేముంది? వీడి యంత్రంలో గింజను వదిలేది నూనె ఒత్తిడితో తిరిగే మోటారట! సీట్లోంచి కదలకుండా బటన్ నొక్కితే గింజల దూరం మారుతుందట! సాలు తిన్నగా తోలడం వీడికి నేర్పిందే తను.

"ఆ నూనె గొట్టం పగిలిన రోజు తెలుస్తుంది, వాడి సోకు," అన్నాడు భార్యతో.

"పగలాలని కోరుకుంటున్నారా ఏంటి?"

కోరుకుంటూనే ఉన్నాడు, పొద్దస్తమానం.

ఈ ఏడు పొలం ఎవరు విత్తాలన్న తగువు మామగారు తేల్చారు. "చెరి సగం విత్తండి. మొలకలొచ్చాక ఆదివారం వచ్చి చూస్తా. ఎవరిది బాగుంటే వచ్చే ఏడు పొలమంతా వాళ్లదే."

అంతలో వాన పడింది.

"నేల ఆరనిద్దాం అన్నయ్యా. తడికి మీ చక్రం జారుతుందేమో," అన్నాడు తోడల్లుడు.

"నా చక్రం సంగతి నాకే చెప్తావా?" అని ఇంతెత్తున లేచాడు పెద్దల్లుడు. ఆ రోజే విత్తేశారు.

మొలకలొచ్చాక శనివారం వెళ్లి చూస్తే తోడల్లుడి సాళ్లు గీత గీసినట్టున్నాయి. తన సగంలో, పల్లంలో చక్రం జారిన చోటల్లా ఖాళీలే. కడుపు భగ్గుమంది. అవతలి సగంలో నాలుగు సాళ్లు అక్కడక్కడా పీకేస్తే సరి, పక్షుల పని అనుకుంటారు.

ఆదివారం తెలతెలవారుతుండగా, పీకినవి వేసుకోవడానికి సంచి పట్టుకుని పొలానికి పోయాడు. తన సగంలో ఎవరో వంగి ఉన్నారు. తోడల్లుడే. మోకాళ్లదాకా బురద, పక్కన గంపలో మట్టితో సహా తీసిన మొలకలు. ఒక్కొక్కటే ఖాళీల్లో నాటుతున్నాడు.

"మామగారు వచ్చేలోపు అయిపోవాలి అన్నయ్యా. నా చివరి సాళ్లలోంచే తీశాను. పని నేర్పిన మిమ్మల్ని ఓడించి నేనేం బాగుపడతాను?"

పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. సంచి వీపు వెనక దాచుకున్నాడు. ఎగతాళి చేసినా తట్టుకునేవాడు. కళ్లు చెమర్చాయి కానీ, మంట చల్లారలేదు. మంచితనంలోనూ వీడే ముందా?

"జరుగు. మరీ లోతుగా పెట్టావు," అంటూ పక్కన కూర్చుని, వాడు నాటిన మొలకను తీసి మళ్లీ అక్కడే నాటాడు.