మాణిక్యమ్మ జుట్టుకు మల్లెలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మాణిక్యమ్మ, ఆమె కోడలు సుభద్ర, మనవరాలు హైమ, వేసవిలో నాలుగు రోజులు ఉండి వెళదామని వచ్చిన ఆడబిడ్డ కోటమ్మ. మాణిక్యమ్మ కొడుకు పొలం వెళ్ళాడు. వెనక గదిలో ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీర మడతల్లో నేనూ ఉన్నాను. కానీ నన్నెవరూ లెక్కలో వేసుకోరు. నేను ఒక సవరాన్ని.

పలచటి జడ ఒత్తుగా కనపడాలని కలిపి అల్లుకునే విడి జుట్టును. నేను బజారులో కొన్న సరుకును కాను. మాణిక్యమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి వసారా చూరులో దోపేది. చాలా కాలం పోగయ్యాక, సవరాలు కట్టే ఒకామె వస్తే ఆ ఉండలన్నీ దించి ఇచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కు తీసి, మూడు పాయలు చేసి, పైన నల్లదారంతో బిగించింది. తల మీద ఉన్నంతకాలం వెంట్రుకకు నూనె రాసి ముద్దు చేస్తారు. అదే రాలి అన్నంలో పడితే కంచం పక్కకు నెట్టేస్తారు. మనుషుల ప్రేమ అలా ఉంటుంది. నా అదృష్టం బాగుండి, రాలాక కూడా మళ్ళీ తల మీదికి ఎక్కాను.

నా మంచి రోజులన్నీ మల్లెల కాలంలోనివే. మాణిక్యమ్మ భర్త సీతాపతి మాటలు తక్కువ మనిషి. పొద్దున కూరలో ఉప్పు ఎక్కువైందని విసుక్కుని వెళ్ళినవాడు, సాయంత్రం సైకిలుకు తామరాకు పొట్లం తగిలించుకుని వచ్చేవాడు. దాన్ని గూట్లో పెట్టి, ఒకసారి దగ్గి, పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. కోపం ఇంకా పోలేదన్నట్టు ముఖం పెట్టుకుని ఆమె పొట్లం విప్పేది. కానీ వేళ్ళు నెమ్మదిగా కదిలేవి. కోపంలో ఉన్న మనిషి గిన్నెలు మోగిస్తుంది, తలుపులు ధడేలున వేస్తుంది. పూల పొట్లాన్ని మాత్రం విసురుగా విప్పలేదు. మాల సగం కట్టేసరికి, "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అనే మాట దానంతట అదే వచ్చేసేది. పూలకు అర్థం ఏమిటని నన్నడిగితే, నాకు తెలిసింది అంతే. ఇవాళ దారిలో నువ్వు గుర్తొచ్చావు అని.

ఆయన పోయాక ఊరి ఆడవాళ్ళు మాణిక్యమ్మ తలలో పూలు తీసేశారు. నన్ను మాత్రం ఆమే తీసి పెట్టెలో పెట్టుకుంది. అక్కడ కలరా ఉండల వాసన తప్ప ఇంకో వాసన లేదు. ఎప్పుడైనా చీర కోసం పెట్టె తెరిస్తే, ఆమె చెయ్యి నా మీద కాసేపు ఆగేది. దేవుడికి మాలలు కట్టేది, కోడలికి కట్టేది. మళ్ళీ ఒక్కసారి తానూ ముడుచుకోవాలని ఆమెకు ఎంత ఉందో నాకు తెలుసు. నేను ఆమె జుట్టునే కదా. కానీ నాకు నోరు లేదు. ఆమెకు ఉన్నా విప్పదు.

ఆ రోజు పెట్టె తెరిపించింది హైమ. కిందటేడు పిల్లకు విషజ్వరం వస్తే తల్లి మొక్కుకుని తిరుపతిలో గుండు చేయించింది. జుట్టు ఇప్పుడు మెడ దాకా వచ్చింది. తోటి పిల్లలంతా పూలజడలు కుట్టించుకుని ఫొటోలు దిగుతున్నారు.

"వచ్చే ఏడు కుట్టిస్తాలే," అంది సుభద్ర.

"వచ్చే ఏటికి వీళ్ళంతా ఫొటోలు చూసుకోవడం కూడా మానేస్తారు," అంది హైమ.

మాణిక్యమ్మ వెనక గదిలోకి వెళ్ళి నన్ను తెచ్చింది.

"ఎవరిదే అది?" అంది కోటమ్మ.

"నాదే వదినా."

"ఇంకా దాచావూ? వెంట్రుకలు కొనేవాడికి పడేస్తే స్టీలు గిన్నె ఇచ్చేవాడు గదే."

"గిన్నెలున్నాయిగా వదినా."

మాణిక్యమ్మ పిల్ల పొట్టి జడ చివర నన్ను ముడేసి, అల్లి, సూదిలో దారం ఎక్కించింది. కోటమ్మ ఊరుకోలేదు. "పిల్లకి పూలజడ నీ చేత్తో ఎందుకు మాణిక్యం? సుభద్రని కుట్టమను."

"అమ్మ కుడితే స్టూడియోకి వెళ్ళేలోపే రాలిపోతాయి మామ్మా," అంది హైమ. "పోనీ నువ్వు కుట్టు."

"నాకు కళ్ళు కనపడి చస్తేగా," అని కోటమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంది.

మల్లెమొగ్గలు వరస మీద వరస, మధ్యలో కనకాంబరాలు. కోటమ్మ మాత్రం కాపలా కూర్చున్నట్టు మాణిక్యమ్మ తలకేసే చూస్తోంది. ఆ తల తెల్లగా, బోసిగానే ఉంది. మాణిక్యమ్మ జుట్టు మటుకు ఆమె కళ్ళెదుటే మల్లెలు ముడుచుకుంటోంది. ఆ సంగతి కోటమ్మకు తట్టలేదు. మాణిక్యమ్మకు తట్టిందనుకుంటాను. సూది ఒకసారి ఆగింది. తర్వాత మొగ్గలు ఇంకా దగ్గరదగ్గరగా పడ్డాయి.

స్టూడియోలో హైమ వెనక నిలువుటద్దం పెట్టారు. ముందు దాని ముఖం, అద్దంలో నేను. ఏడాదిగా తల వంచుకుని తిరిగిన పిల్ల, దారి పొడుగునా మెడ నిటారుగా పెట్టుకుని ఇంటికి వచ్చింది. అందరూ అది పూల బరువనుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. హైమ నన్ను విప్పి, "పూలు తీసి పెట్టెలో పెట్టెయ్యి నాయనమ్మా," అని ఇచ్చింది.

మాణిక్యమ్మ నన్ను వెనక గదిలోకి తీసుకువెళ్ళి, దారం తెంపడానికి కత్తెర పట్టుకుంది. తర్వాత కత్తెర కింద పెట్టి, గోడ అద్దం ముందు నిలబడి, తన తెల్లటి ముడి కింద నన్ను ఆనించి పట్టుకుని భుజం మీదుగా ముందుకు వేసుకుంది. ఎన్నో ఏళ్ళకు ఆ మెడ వెచ్చదనం తగిలింది నాకు. ఆమె ఒక పక్కకు తిరిగి చూసుకుంది, ఇంకో పక్కకు తిరిగి చూసుకుంది.

"మాణిక్యం, గదిలో ఏం చేస్తున్నావే?" వసారాలోంచి కోటమ్మ గొంతు. వెనకే అడుగుల చప్పుడు.

గుమ్మం దగ్గర హైమ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, మా ఇద్దరినీ చూస్తోంది. మాణిక్యమ్మ దాన్ని గమనించలేదు.

"పెట్టె సర్దుతోంది మామ్మా. దుమ్ము లేస్తోంది, నువ్వు రాకు," అంటూ హైమ చప్పుడు కాకుండా బయటి నుంచి గది తలుపు మూసేసింది.