కామెర్లు రాని జీవరత్నమ్మ

గడువు దాటిన అప్పీలును మన్నించి తీసుకోమని కోర్టును వేడుకునే పిటిషన్లు నేను చాలా టైపు చేశాను. అన్నింట్లోనూ కక్షిదారుకు కామెర్లే. ప్లీడరు నారాయణమూర్తిగారు మొదటి మాట చెప్పేలోపే నా వేళ్లు "తీవ్రమైన కామెర్లతో మంచం పట్టి" దాకా వెళ్లిపోయేవి. జీవరత్నమ్మ పిటిషన్ కూడా అలాగే టైపు కొట్టేశాను.

జీవరత్నమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే పని చేసేది. ఊరి బయట ఆమెకు నలభై జీడిచెట్లున్నాయి. వాటి దగ్గరికి వెళ్లే దారి తాతారావు కొబ్బరితోటలోంచి పోతుంది. అతను దానికి కంచె వేశాడు. ఆమె దావా వేస్తే కింది కోర్టు అతని వైపే తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఆమె మోకాలి లోతు ఉప్పుటేట్లో దిగి, తలమీద మూటతో చుట్టు తిరిగి వస్తోంది. ముప్పై రోజుల్లోగా టెక్కలి కోర్టులో అప్పీలు వేయాలి. పదో రోజుకే ఆమె కాగితాల మీద సంతకం పెట్టేసింది.

మా ప్లీడరుగారికి ఒక అలవాటు. ఏ అప్పీలైనా వేసేముందు, ఒక సోమవారం రావివలస వెళ్లి ఎండల మల్లికార్జునుడి ముందు ఆ కాగితాలు పెడతారు. ఈసారి అది కార్తీక సోమవారం. ఆయన భార్య లక్ష్మమ్మగారు పూజ సంచీలో కొబ్బరికాయ, పూలు, వాటి కింద అప్పీలు కాగితాలు పెట్టుకుంటే ఇద్దరూ బయలుదేరారు. గుడి నుంచి నేరుగా కోర్టుకు వెళ్లాలనుకున్నారు. జనం విరగబడి వచ్చారు. దర్శనమయ్యేసరికి కోర్టు మూసేశారు. ఇంటికొచ్చి సంచీని వంటింటి మేకుకు తగిలించారు. మర్నాడు నేను గుమాస్తా చేత పంపించేశాననుకున్నారు ఆయన. దారిలోనే ఇచ్చేసి ఉంటారనుకున్నాను నేను. జీవరత్నమ్మ మూడుసార్లు వచ్చి అడిగింది. మూడుసార్లూ "వేసేశాం" అన్నాం. నలభై ఏడో రోజున కాగితాలు సంచీలోంచి బయటపడ్డాయి, పసుపూ కుంకుమలతో.

"ఇక్కడ సంతకం పెట్టు, రత్నమ్మా," అన్నారు ప్లీడరుగారు, ఇంటి ముందుగదిలోని తన ఆఫీసులో, నేను టైపు చేసిన పిటిషన్ ముందుకు జరుపుతూ.

"ఏటి రాసినారు బాబూ? సదవండి."

నేను చదివాను.

"ఎవులికి కామెర్లు?"

"నీకే."

"నాకా? ఓలమ్మో! ఒక్క రోజు పని మాన్నేదు నాను. ఆదివారం సర్చి సంఘంలో పాటలు కూడా పాడినాను. అంత గట్టిగా పాడీదానికి కామెర్లేటి?"

"అందరూ ఇలాగే రాస్తారు. ఇది అబద్ధం కింద లెక్క కాదు."

"మరి నిజం కిందా లెక్క కాదు కదా! దేవుడి పేరు సెప్పి పెమాణం సెయ్యాల. నాను సెయ్యను బాబూ."

"అయితే దారి పోతుంది. ఆలోచించుకో."

ఆమె జీడి నూనెకు నల్లబడిన వేళ్లతో పెన్ను తిప్పుతూ కూర్చుంది. తర్వాత పెన్ను బల్లమీద పెట్టేసింది. "పోతే ఏట్లోనే దిగుతాను. అలవాటైపోనాది."

ఆ మాటకు లక్ష్మమ్మగారు వంటింట్లోంచి బయటికి వచ్చారు. "కాగితాలు నా సంచీలో ఉండిపోనాయని రాయండి. అదే కదా జరిగింది? కామెర్లు ఆవిడికి కాదు, మీ గ్యాపకానికి వొచ్చినాయి!"

"ముప్పై ఏళ్ల ప్లీడరీ నాది! బార్‌లో ప్లీడర్లందరూ నవ్వుతారు."

"నవ్వనీండి. మీ జోకులకి ఎప్పుడూ నవ్వరని బాధపడతారు కదా?"

జీవరత్నమ్మ ఫక్కున నవ్వింది. నేను తల వంచుకుని మిషను వెనక నవ్వాను. ప్లీడరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "కాగితం మార్చమ్మా సౌజన్యా," అన్నారు చివరికి. "ఈ ప్రమాణం నాది."

తర్వాతి మాట ఏమిటో తెలియకుండా నేను టైపు చేసిన మొదటి పిటిషన్ అదే. గుడి, సంచీ, మేకు అన్నీ చెప్పారు. నా పేరు మాత్రం చెప్పలేదు. నేనే ఆగి, "నేనూ అడగలేదు కదండీ," అన్నాను. "నువ్వు కొట్టు," అన్నారాయన.

టెక్కలిలో తాతారావు తరఫు ప్లీడరు వైకుంఠరావుగారు లేచి, "ప్లీడరు మరిచిపోతే కక్షిదారు మరిచిపోయినట్టే. ఆయన్ని పెట్టుకున్నది ఆవిడే కదండీ!" అన్నారు.

జడ్జిగారు మా కాగితం రెండుసార్లు చదివారు. రెండోసారి చదువుతూ పెదవులు బిగించుకున్నారు. జీవరత్నమ్మను ముందుకు రమ్మన్నారు.

"ఈ ముప్పై రోజుల్లో నువ్వేం చేశావమ్మా?"

"పదోరోజుకే సంతకం పెట్టీసినాను బాబూ. మూడుసార్లు వొచ్చి అడిగినాను. వేసేసినాం అన్నారు."

"ఇంత జరిగాక కూడా ఈ ప్లీడర్నే ఉంచుకున్నావా?"

"కొత్తోడైతే మళ్లీ మర్సిపోడని నమ్మకమేటి బాబూ? ఈయన ఇకమీద సచ్చినా మర్సిపోడు."

కోర్టంతా నవ్వింది. వైకుంఠరావుగారు కూడా నవ్వి కూర్చున్నారు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు మా ప్లీడరుగారు నవ్వారు.

ఆమె చేయాల్సిందంతా చేసిందనీ, వేరొకరి మరుపుకు ఆమె దారి పోగొట్టుకోకూడదనీ జడ్జిగారు చెప్పారు. పదిహేడు రోజుల ఆలస్యాన్ని మన్నించి, అప్పీలు తీసుకోమన్నారు.

జీవరత్నమ్మకు ఆ మాటలు సరిగా అర్థం కాలేదు. "గెలిసినామా పాపా?" అని నా చెవిలో అడిగింది.

"ఇంకా లేదు. గెలవడానికి వీలు దొరికింది."

"అదే సాల్లే!"

వరండాలో తాతారావు ఎదురొచ్చాడు. "ఏటి వొదినా, మళ్లీ మొదటికొచ్చినామా?"

"వొచ్చినాం. నువ్వు మాత్రం కంచెకి కొత్త కర్రలు కొనకు, దండగ."

అతను ఏదో అనబోయి, నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఆమె ప్లీడరుగారినీ నన్నూ ముందు పెట్టుకుని కోర్టు ఆఫీసు కిటికీ దాకా నడిపించింది. కోర్టు గుమాస్తా ముద్ర వేసి, పుస్తకంలో రాసుకుని, అప్పీలు నంబరు చెప్పాడు.

"నా సేతిలో రాయి," అంటూ అరచెయ్యి చాపింది. జీడి మరకల మీద ఇంకు పట్టలేదు. మణికట్టు మీద పెద్ద అంకెల్లో రాశాను. ఆరేదాకా ఊదుకుంటూ, అటెళ్లే ప్రతివాడికీ చూపిస్తూ ఆమె బస్టాండు వైపు నడిచింది.