ఐదో పాట చివర

టేపు ఇల్లు దాటదని మాయ్, అంటే మా అమ్మ, ముందే తేల్చి చెప్పింది. అందుకని హెన్నింగ్ దాన్ని ఆడించే యంత్రాన్నే హాంబర్గ్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. జూలై నెల. మా ఊరు అంజునాలో వారంగా ముసురు.

యంత్రాన్ని మా భోజనాల బల్ల మీద పెట్టి, మూత విప్పి, లోపల తిరుగుతూ టేపును చదివే గుండ్రటి తలను దూదితో తుడుస్తున్నాడు. పక్కన అతని లాప్‌టాప్. ఊళ్ళో కరెంటు పొద్దుటి నుంచి వస్తూ పోతూ ఉంది. అందుకని రెండింటినీ మా పాత ఇన్వర్టర్‌కు తగిలించాము.

టేపు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. నా తమ్ముడు అవెలీనో తన పాటను దాని మీదే రికార్డు చేశాడు. తొంభై ఏడులో హెన్నింగ్ మా ఊరి పార్టీల్లో తెల్లవార్లూ ఒకే దరువు మీద మోగిన సైకెడెలిక్ ట్రాన్స్ పాటలు తొమ్మిది ఏరి, ఒకదానిలోంచి ఇంకొకటి పుట్టేలా కూర్చి ఆల్బమ్ వేశాడు. అందులో ఐదోది అవెలీనోది. డిసెంబర్‌లో మా వీధిలో అద్దెకు దిగేవాళ్ళు, ఆ ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టనివాళ్ళు కూడా, మా గేటు దగ్గర స్కూటర్ ఆపి "ఐదో పాట ఆయన ఇల్లు ఇదేనా?" అని అడుగుతారు. ఇప్పుడు దాన్ని మళ్ళీ విడుదల చేస్తున్నారు. హెన్నింగ్ దాచుకున్న మూల ప్రతులు వరద నీళ్ళలో నానిపోయాయి. మిగతా ఎనిమిది పాటలు ఎక్కడెక్కడో దొరికాయి. అవెలీనో పాటకు ఈ టేపు ఒక్కటే ఉంది.

హెన్నింగ్‌కు కావలసింది పాట. నాకు కావలసింది దాని చివర. ఆల్బమ్‌లో ఐదో పాట ముగియకముందే ఆరో పాట దరువు కిందనుంచి లేచి దాన్ని కప్పేస్తుంది. ఆ తర్వాత అవెలీనో ఏం చేశాడో నేనెప్పుడూ వినలేదు. అడిగితే, "అదేం బాగుండదులే అక్కా" అనేవాడు. ఈ మార్చిలో, ఒక మధ్యాహ్నం, నిద్రలో పోయాడు. నేను బడిలో పరీక్షల గదిలో ఉన్నాను. మాయ్ వంటింట్లో ఉంది. దగ్గర ఎవరూ లేరు.

ఏటా తొలి వానకు అవెలీనో బియ్యం వేయించి, చల్లారాక బిస్కెట్ డబ్బాలో పోసి, టేపును గుడ్డలో చుట్టి అందులో పెట్టేవాడు. చెమ్మను బియ్యం పీల్చుకునేది. ఈ జూన్‌లో ఆ పని మా ఇద్దరికీ తోచలేదు. హెన్నింగ్ వస్తున్నాడని డబ్బా తెరిస్తే బియ్యం పురుగు పట్టి ఉంది, టేపు అంచున తెల్లటి బూజు.

"ఒక్కసారి తిరుగుతుంది. రెండోసారికి మాత్రం నేను మాట ఇవ్వలేను, టీచర్" అన్నాడు హెన్నింగ్.

"మొదటిసారికి ఇస్తున్నావా?"

అతను దూది మార్చాడు.

"ఒరేయ్ హెన్నింగ్," అంది మాయ్ కుర్చీలోంచి, "ముప్పై ఏళ్ళుగా నా చేతి చేపల కూర తింటున్నావు. ఇప్పటికీ ముల్లు గొంతులో ఇరికించుకుంటావు. ఆ చేతులతోనా నా కొడుకు టేపు ముట్టుకునేది?"

"మీ చేపలకే ముళ్ళెక్కువ మాయ్. దీనికి లేవు."

"వెటకారం తర్వాత. ముందు చేతులు తుడుచుకో."

నేను అడిగాను: "చివర ఎలా ఉంటుంది? అప్పట్లో నువ్వు విన్నావు కదా."

"ఒక్కసారి. గుర్తులేదు."

"గుర్తులేదా, చెప్పవా?"

"బాగుంటే నేనెందుకు కప్పుతాను, టీచర్?"

టేపు లోపలికి వెళ్ళింది. తల గిర్రున తిరిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత దరువు వచ్చింది. మాయ్ శిలువ గుర్తు వేసుకుంది.

యంత్రం ముందు ఒక ఎర్ర అంకె ఉంది. టేపు చదవడంలో ఎన్ని తప్పులు దొర్లుతున్నాయో చెబుతుందట. మొదట అది సున్నా దగ్గరే ఉంది. పాట సగానికి వచ్చేసరికి పెరగడం మొదలైంది. ఒకచోట శబ్దం పుటుక్కున తెగి మళ్ళీ కలిసింది. మంద్రంగా తిరిగే స్వరాల గుంపు పైకి లేచింది. ఆల్బమ్‌లో ఆరో పాట మొదలయ్యే చోటు దగ్గరపడింది. అంతలో ఇన్వర్టర్ కుయ్యిమంది. బ్యాటరీ అయిపోవస్తోంది. యంత్రంలోంచి సన్నటి కీచు శబ్దం.

హెన్నింగ్ వేలు మీట మీదికి వెళ్ళింది. "ఆపుతాను. ఆల్బమ్‌కు ఇంతే కావాలి. ఇది లాప్‌టాప్‌లోకి వచ్చేసింది."

"నాకు రాలేదు."

"టీచర్, టేపు తలకు అంటుకుంటోంది. ఇప్పుడు ఆపితే బహుశా చెక్కుచెదరకుండా బయటికి తీయగలను. వస్తువన్నా మిగులుతుంది."

"తర్వాత మళ్ళీ తిరుగుతుందా?"

"తిరగదనుకుంటాను."

మాయ్ వైపు చూశాను. డబ్బాలో ఉన్నన్నాళ్ళూ ఏటా పండుగకు దాని దుమ్ము దులిపింది ఆమే.

"ఏమే లిందా, నా మొహం చూస్తావేం?" అంది. "పాట రాని వాడి డబ్బాను నేనేం చేసుకోను? నడవనీ."

హెన్నింగ్ వేలు తీసేశాడు.

ఆరో పాట రావలసిన చోట రాలేదు. దరువు ఒక్కసారిగా ఆగింది. సన్నటి రాగం ఒక్కటే మిగిలింది. అది ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది. మూడోసారి సగంలో, గంట కొట్టగానే పిల్లలు కలం కింద పెట్టేసినట్టు, ఆగిపోయింది. టేపులోనే, అప్పుడు అవెలీనో మీట నొక్కిన చప్పుడు. అంతే. దాని వెంటనే యంత్రంలో టేపు పటుక్కున తెగింది.

అవెలీనో చెప్పింది నిజమే. అదేం బాగాలేదు. వాడికి ఎలా ముగించాలో తెలియలేదు.

పెంకుల మీద వాన. హెన్నింగ్ తల వంచుకుని యంత్రాన్ని చూస్తున్నాడు. అతని చూపుడువేలు బల్ల అంచు మీద కొడుతోంది, నెమ్మదిగా, ఆరో పాట దరువు. తను కొడుతున్నట్టు అతనికి తెలియదు. కుర్చీ కింద మాయ్ చెప్పు కూడా నేలను తడుతోంది. "దడదడలు ఆపరా" అని ఇరవై ఏళ్ళపాటు కొడుకు మీద అరిచిన మనిషి. దరువు ఎక్కడ అందుకోవాలో ఇద్దరూ తప్పలేదు. నా తలలో అది అప్పటికే నడుస్తోంది.

"చివర మొత్తం రికార్డయింది," అన్నాడు హెన్నింగ్ కాసేపటికి. "కొత్తదానిలో కప్పకుండా వెయ్యమంటే వేస్తాను. నీ ఇష్టం."

"వద్దు. పాతదాంట్లో ఉన్నట్టే ఉండనీ."

"మరి ఇదంతా దేనికి..."

"ఆ ముక్క మాకు విడిగా ఇచ్చి వెళ్ళు."

ఇన్వర్టర్ మూలిగి ఆగిపోయింది. మాయ్ లేవలేదు. ఆమె కాలు ఇంకా ఆరో పాటలోనే ఉంది.