వెనక గేటు జనం

చిత్తూరు నుంచి ఐరాల పోయే రోడ్డు పక్కన లోహిత తాత కట్టించిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. దాన్ని ఆదివారం సంతగా మార్చాలని లోహిత పట్టుబట్టింది. ఒకప్పుడు అక్కడ కాయలు కోసిన ఆడవాళ్లే ఇప్పుడు ఊరగాయలూ, తాండ్రా, మురుకులూ తెచ్చి అమ్ముకోవాలని ఆమె కోరిక. ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచొచ్చింది. తండ్రి రామచంద్ర సరేనన్నాడు గానీ, ఊరికే అనలేదు.

"మొదటి ఆదివారం సూస్తా. పిలిచినోళ్లు రాకుంటే ప్లాట్లేసి అమ్మేటోళ్లకు ఇచ్చేస్తా. మళ్లీ నన్నడగొద్దు."

ఆ ఆదివారం రానే వచ్చింది. షెడ్డుకు సున్నం కొట్టించారు, బల్లలు వేయించారు, ముందు గేటుకు మామిడాకులూ బంతిపూలూ కట్టారు. పొద్దెక్కింది. ఒక్క మనిషీ రాలేదు. వీధికుక్క ఒకటి మాత్రం వచ్చి తోరణం కింద దర్జాగా పడుకుంది, ముఖ్య అతిథి తానే అన్నట్టు. రామచంద్ర కుర్చీలో కూర్చుని, కూతురి ముఖం చూడలేక రోడ్డు చూస్తున్నాడు. దెప్పిపొడిచి ఉంటే లోహిత ఎదురు పోట్లాడేది. ఆయన ఏమీ అనకపోయేసరికి ఏడుపొచ్చింది.

"పోనీలే పాపా. నువ్వు సేయాల్సింది సేసినావు," అని ఆయన ఫోన్ తీశాడు.

కన్నీళ్లు దాచుకోవడానికి లోహిత షెడ్డు వెనక్కి పోయింది. అక్కడ గోడ అవతల గలగలా మాటలు వినిపించాయి. తాళం వేసిన ఇనుప గేటు సందులోంచి చూసి నోరు తెరిచింది. ఆడవాళ్లంతా బారులు తీరి నిలబడి ఉన్నారు. ఒకప్పుడు పనిలోకి పోయేటప్పటి లాగే బోరింగు కొట్టుకుని కాళ్లు కడుక్కున్నారు, చెప్పులు గోడవార విడిచారు, తలలకు గుడ్డలు కట్టుకున్నారు, చంకల్లో గంపలు. అందరికంటే ముందు మునిరత్నమ్మ. ఆ ఫ్యాక్టరీలో కాయలు ఏరీ ఏరీ ముసలిదైన మనిషి.

"ఈడుండారేమి అవ్వా?"

"పొద్దున్నే వచ్చినాం పాపా. బీగం తీస్తారని సూస్తా ఉండాం."

"ముందు గేటు తీసే ఉండాది కదా!"

"అది లారీలకూ, ఆఫీసోళ్లకూ కదా. మేం ఆ పక్కకు పోతే మీ తాత ఊరుకుంటాడా?"

తాత పోయి ఎంత కాలమైందో మునిరత్నమ్మకు తెలుసు. అయినా అడిగింది.

"నాయనా! ఇట్ల రా నాయనా!" లోహిత కేక షెడ్డంతా మోగింది.

రామచంద్ర పరుగున వచ్చి సందులోంచి చూశాడు. చెవి దగ్గర ఫోన్లో ప్లాట్ల మనిషి హలో హలో అంటున్నాడు. "ఇప్పుడు కాదప్పా. ఇంకెప్పుడూ కాదు," అని పెట్టేశాడు. తన తండ్రి పెట్టిన నియమం తనకే గుర్తులేదు. వాళ్లు మరిచిపోలేదు. ఆయనకు సిగ్గేసింది.

"ఈ బీగం తీసేది లేదమ్మా. సుట్టూ తిరిగి ముందు గేటుకు రాండి. ఇంకమీద అదే మీ గేటు."

ఎవరూ కదలలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"సెప్పులేసుకోనా సామీ?" అంది మునిరత్నమ్మ.

"ఏసుకునే రాండి," అన్నాడాయన.

గోడ చుట్టూ నడిచి అందరూ ముందుకొచ్చారు. మునిరత్నమ్మ గేట్లో అడుగుపెట్టి, గంప చంకలోనే పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొబ్బరిచెట్లూ, వసారా, తెల్లగా మెరుస్తున్న షెడ్డూ అన్నీ తీరిగ్గా చూసింది. వెనకున్నవాళ్లు తొందరపెట్టినా జరగలేదు.

"ఇన్నేండ్లు పనిసేసినా గానీ, ఈ పక్కనుంచి సూడనేలేదు పాపా," అంది. "మన ఫ్యాక్టరీ ఎంత బాగుండాదో!"