కల్లం ముడి

వేసవి సెలవులకు పెళ్లాన్ని తీసుకుని ఎవరైనా ఎక్కడికి పోతారు? అత్తారింటికి పోతారు, లేదా బాపట్లలో చుట్టాలింట్లో నాలుగు రోజులుంటారు. ప్రత్తిపాడు పక్కన మిషను బళ్లో పాఠాలు చెప్పే మార్కు మాత్రం తెరచాప పడవ ఎక్కిస్తానన్నాడు. ఊళ్లోకి ఎండుచేపలు తెచ్చి అమ్మే బాపయ్యకు సొంత పడవుంది, అతనితో మాట్లాడేసుకున్నాడు కూడా. నిజాంపట్నంలో ఎక్కి ఒడ్డు వెంబడే వాడరేవు దాకా ప్రయాణం. వంటా పడకా అన్నీ పడవలోనే.

పెళ్లాం ఆదెమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఉప్పెన ఏడాది దివిసీమలో ఆమె పిన్ని కొట్టుకుపోయింది, శవం కూడా దొరకలేదు. అప్పటినుంచీ ఆమె కాలవలో కాళ్లు కడుక్కోవడానికైనా దిగదు. ఆ మాట చెబితే మార్కు నవ్వి, నీళ్ల మీద రెండు రోజులుంటే భయం అదే పోతుందని పాఠం చెప్పాడు. పంతుళ్లకు ఇల్లు కూడా బడే కదా.

పొద్దున్నుంచీ ఆదెమ్మ కుడివైపు ఒడ్డున సరుగుడు తోటల్నే చూస్తూ కూర్చుంది. వాటిని చూస్తూనే కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరిగింది. మార్కు పడవ అంచు మీద కూర్చుని పాటలు పాడాడు.

సూర్యలంక దాటాక పడమట మబ్బు లేచింది. బాపయ్య మొహంలో నవ్వు పోయింది. ముందువైపు చిక్కుపడ్డ తాడును విడదీయడానికి వెళ్తూ చుక్కాని మార్కుకి అప్పజెప్పి, తెరచాపను పట్టి ఉంచే తాడు ఆదెమ్మ చేతికిచ్చాడు.

“గాలి లాగితే ఇచ్చెయ్ చెల్లెమ్మా, తాడు జారనియ్యి. తగ్గాక మళ్లా లాక్కో. అంతే.”

ఇవ్వడమా? మబ్బు పడితే ఏం చెయ్యాలో ఆదెమ్మకు తెలిసింది ఒక్కటే. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా వానొస్తే ఇంటిల్లిపాదీ పరిగెత్తి పట్టా కప్పి, మేకులకు తాళ్లు బిగించి, ముడి మీద ముడి వేస్తారు. పట్టా లేచిందంటే ఏడాది కష్టం నీళ్లపాలే. ఇప్పుడు తాడు అరచేతిని కోస్తూ లాగేసరికి ఆమె చేతులు ఆమెను అడగలేదు. పక్కనున్న కొయ్యకు రెండు చుట్లు తిప్పి, బిగించి, ముడి మీద ముడి వేసేశాయి. పొద్దుటినుంచీ మొదటిసారి ఆమె గుండె కుదుటపడింది.

ఈదురుగాలి వచ్చి చాపను కొట్టింది. అది పోయే దారి లేక చాపలోనే నిలిచిపోయింది, పడవ పక్కకు ఒరిగిపోయింది. గిన్నెలు దొర్లాయి. మార్కు జారి అంచు దాటి నీళ్లలో పడ్డాడు. ఒక్క చెయ్యి మాత్రం చుక్కాని కొయ్యను పట్టుకుని ఉంది.

బాపయ్య తాడు వదలమని కేకేశాడు.

ఆదెమ్మ గోళ్లతో లాగింది. పళ్లతో లాగింది. ఏ గాలికీ ఊడకూడదని ఏళ్ల తరబడి నేర్చుకున్న ముడి అది, తడిసి ఇంకా బిగుసుకుంది. మార్కు తల ఒకసారి మునిగి తేలింది. అతను ఆమెను పిలవడం లేదు, చూస్తున్నాడంతే. ఈయన్ని నేనే చంపేస్తున్నాను అనుకుంది. ఆ క్షణంలో ఆమెకు దేవుడు గుర్తుకు రాలేదు, కత్తిపీట గుర్తొచ్చింది. పడవ పలకల సందున ఇరుక్కున్న దాన్ని పెరికి తీసి, తాడు మీద పెట్టి కోసింది.

తాడు తెగింది. చాప టపటపా కొట్టుకుంది. పడవ లేచి నిలబడింది.

బాపయ్య మార్కును లోపలికి ఈడ్చాడు. అతను నీళ్లు కక్కుకుంటూ వణుకుతూ పడుకుండిపోయాడు. ముడి సంగతి బాపయ్య ఎత్తలేదు. తెగిన తాడును కలిపి కట్టి మళ్లీ ఆమెకే అందించాడు.

“నా వల్ల కాదన్నా. నేను పట్టుకుంటే చంపేస్తాను.”

“ఈ అలల్లో చుక్కానికే నా రెండు చేతులూ చాలవు. ఒడ్డు చేరాలంటే నువ్వే పట్టుకోవాల.”

ఇప్పుడు ఆదెమ్మకు సముద్రమంటే భయం లేదు. తన చేతులంటే భయం. గాలి లాగిన ప్రతిసారీ అవి కొయ్య వైపే పోబోయాయి. ఏడుస్తూనే ఇచ్చింది, ఏడుస్తూనే లాక్కుంది. అరచేతుల తోలు లేచిపోయింది.

చివరికి పడవ అడుగు ఇసుకను రాసుకుంది. బాపయ్య చాప దించేశాడు. మార్కు తూలుతూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

“ఒడ్డుకొచ్చేశాం ఆదెమ్మా. ఇంక తాడు వదిలెయ్.”

“వదిలేశాగా,” అంది ఆదెమ్మ.

తాడు ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.